వెనక సీటు మాట

కోర్టు పార్కింగులో డ్రైవర్లందరూ అతన్ని సైలెన్సర్ అనేవారు. ఎవరు పెట్టారో గాని, ఊరికే పెట్టిన పేరు కాదది. మిగతావాళ్ళు ప్రహరీ నీడన చేరి, తమ యజమానుల ఇళ్ళలో ఎవరికి ఎవరితో పడటం లేదో, ఎవరి కొడుకు ఎక్కడ తేలాడో పూసగుచ్చినట్టు చెప్పుకుంటుంటే, ఇతను పసుపు గుడ్డతో కారు అద్దాలు తుడుచుకుంటూ నిలబడేవాడు. "మీ లాయరమ్మ నిన్న ఎవర్ని ఎక్కించుకుంది అన్నా?" అని ఎవరైనా గిల్లితే, "నాకేం తెలుసు, నేను రోడ్డు చూసుకుంటున్నా" అనేవాడు. దొంగ నటన అనుకుని వాళ్ళు నవ్వేవారు. నిజంగానే అతనికి తెలియదని ఆ పార్కింగులో ఒక్కరూ నమ్మలేదు.

లాయరమ్మ దగ్గర చేరేనాటికి అతని తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అతనికి ముందున్న డ్రైవరు వెనక సీట్లో విన్న మాటను తీసుకెళ్ళి ఎదుటి పార్టీ చెవిన వేశాడు. గెలవాల్సిన కేసు కాస్తా తలకిందులైంది. అందుకని మొదటి రోజే, ఇంకా కారెక్కకుండానే, ఆవిడ చెప్పేసింది: "చూడు, బండికి గీత పడితే ఊరుకుంటాను. వెనక సీట్లో మాట ముందు సీటు దాటిందా, ఊరుకోను."

ఇంకొకడైతే సరేనని నోరు కట్టుకునేవాడు. ఇతను చెవులు కట్టుకున్నాడు. తన నోటి మీద తనకు అంత నమ్మకం లేదు పాపం. విన్నమాట ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది, అసలు వినకపోతే జారడానికేమీ ఉండదు అని అతని వాదం. లాయరమ్మ చదివిన చదువంతా చదివినా ఇంత గట్టి వాదం చేయలేదు. లోపలి అద్దాన్ని వెనకవాళ్ళ ముఖాలు కనపడకుండా పైకి వంచాడు. చెవిని తీసుకెళ్ళి ఇంజను మీద పెట్టాడు. రోడ్డు మారితే టైరు కింద మారే చప్పుడు, చలికాలం పొద్దున బెల్టు సన్నగా కీచుమనడం, బ్రేకు వేసినప్పుడు ఎడమ చక్రం దగ్గర వచ్చే చిన్న నిట్టూర్పు, ఇవే వినేవాడు. మొదట్లో కష్టమయ్యేది. వెనక ఎవరైనా ఏడిస్తే మెడ తిరగబోయేది. పోనుపోను వెనక మాట అతనికి రేకు మీద వాన చప్పుడైపోయింది. పడుతోందని తెలుస్తుంది, అంతే.

ఎంతవరకు వచ్చిందంటే, ఆఖరికి లాయరమ్మ పిలిచినా పలికేవాడు కాదు. ఆవిడ కొన్నాళ్ళు విసుక్కుంది, తర్వాత మురిసిపోయింది. ఇలాంటి డ్రైవరు లోకంలో దొరకడని తోటి లాయర్లకు చెప్పుకుంది. పిలవడం మానేసి, చేతిలో పెన్నుతో అతని సీటు వెనక తట్టేది. టక్ టక్. ఆ చప్పుడుకు మాత్రం నిద్రలో లేపినట్టు ఉలిక్కిపడి, "చెప్పండమ్మా" అనేవాడు. చెప్పిందల్లా చేసేవాడు. మళ్ళీ చెవులు మూసుకునేవాడు.

చిక్కల్లా ఇంటికి వచ్చాక ఆ చెవులు తెరుచుకోవడం మరిచిపోవడంతో వచ్చింది.

భార్య ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఉతికి ఆరిన దుప్పట్లను ఇంకో ఆమెతో కలిసి చెరో కొస పట్టుకుని, దగ్గరకొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరకొచ్చి మడతపెట్టడం ఆమె పని. ఆ యంత్రాల హోరులో ఎదురుగా ఉన్న మనిషి మాట కూడా వినపడదు. పొద్దంతా నోరు మూసుకుని ఉండటంతో, ఇంటికి వచ్చేసరికి ఆమెకు మాటలు గొంతు దాకా వచ్చి ఉండేవి. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది. సూపర్‌వైజరు కొత్త జుట్టు రంగు, దుప్పటి మడతలో దొరికిన పసిపిల్లాడి మేజోడు, బస్సులో తన పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్న కాలేజీ పిల్ల. అతను కుర్చీలో కూర్చుని సమయానికి తగ్గట్టు "ఊఁ" కొట్టేవాడు. ఆ "ఊఁ" ఎంత సరైన చోట పడేదంటే, పెళ్ళయిన కొత్తలో ఆమె నిజమనే అనుకుంది.

ఒకరోజు అనుమానం వచ్చి పరీక్ష పెట్టింది.

"ఏమయ్యా, వింటున్నావా?"

"ఊఁ."

"వంటిల్లు అంటుకుంది."

"ఊఁ."

"నేను పక్కింటి ప్లంబరుతో లేచిపోతున్నా."

"ఊఁ. వచ్చేటప్పుడు సబ్బు తీసుకురా."

కడుపుబ్బ నవ్వింది. మర్నాడు లాండ్రీలో మిషన్లు ఆపినప్పుడు అందరికీ చెప్పింది, అందరూ నవ్వారు. ప్లంబరు భార్య చెవిన కూడా పడి, ఆవిడా నవ్వింది. కానీ ఎన్నేళ్ళని నవ్వుతుంది మనిషి? వాళ్ళకు ఒక పాప పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. ఆ రోజు అతను లాయరమ్మతో దూరపు ఊరి కోర్టులో ఉన్నాడు. తిరిగి వచ్చాక భార్య చెప్పబోయింది. ఆ పిల్ల చివరికి ఎలా చూసిందో, తన వేలు ఎలా పట్టుకుందో. చెబుతూ చెబుతూ అతని ముఖంలోకి చూసి ఆపేసింది. అతను ఏడుస్తూనే ఉన్నాడు గాని వినడం లేదు. ఆ సంగతి మళ్ళీ ఇద్దరి మధ్యకీ రాలేదు.

అప్పటినుంచి ఆమె మాటల్ని దాచుకోవడం మొదలుపెట్టింది. "ఇది ఇప్పుడు చెప్పను. నువ్వు పని మానేశాక చెప్తా. అప్పుడన్నా వింటావా?" అనేది.

"వింటా."

"ఒట్టు?"

"ఒట్టు. అన్నీ వింటా."

ఆమెకు కావలసింది అదొక్కటే. చీరలూ నగలూ కాదు, కారు అసలే కాదు.

కారు అతనికి కావాలి. లాయరమ్మ కారు మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. పేరున్న ఒక కంపెనీ చేసే లగ్జరీ కార్లలో నడిమి సైజుది. పొడుగ్గా, నల్లగా, తలుపు వేస్తే పుస్తకం మూసినంత చప్పుడు మాత్రమే చేసేది. లేత గోధుమరంగు తోలు సీట్లు. వెనక సీట్లో కుడివైపు లాయరమ్మ, ఎడమవైపు ఆవిడ హ్యాండ్‌బ్యాగు. ఒకసారి పెద్ద వానలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పక్కన బస్టాపులో భార్య కనపడింది. గొడుగు వెనక్కి తిరిగిపోయి, చీర మోకాళ్ళకు అతుక్కుని నిలబడి ఉంది. ఆమే ముందు చూసింది. చూసి, అతనికి ఇబ్బంది కలగకూడదని ముఖం అటు తిప్పేసుకుంది. సిగ్నల్ పడింది. బండి కదిలింది. హ్యాండ్‌బ్యాగు దర్జాగా మెత్తటి సీటు మీద కూర్చుని ఇల్లు చేరింది. ఆ రోజు అతని మనసులో ఒక మేకు దిగింది. ఎప్పటికైనా ఈ సీట్లో తన పెళ్ళాన్ని కూర్చోబెట్టి, తలుపు తెరిచి పట్టుకుని, రోడ్డంతా తిప్పాలి. ఇద్దరూ ఒకరికొకరు ఏదో గొప్పది చేయాలనే చూశారు గాని, ఎదుటివాళ్ళు అడుగుతున్నదేమిటో చూసుకోలేదు.

ఆ రోజు రానే వచ్చింది. లాయరమ్మ పాత బండిని మార్చి కొత్తది తీసుకుందామని షోరూముకు బయలుదేరి, అతన్నీ లోపలికి రమ్మంది. అద్దాల గది, అడుగు వేస్తే జారే నేల. టై కట్టుకున్న సేల్స్ కుర్రవాడు అదే కంపెనీ కొత్త నడిమి సైజు బండి చుట్టూ పెళ్ళికూతుర్ని చూపించినట్టు తిప్పి చూపించాడు.

"లోపల కూర్చుని తలుపేస్తే బయట ప్రపంచం వినపడదు మేడమ్. ఇంకో సంగతి, మీరు వెనక సీట్లో మామూలుగా ఒక మాటంటే చాలు, బండే వింటుంది. చలేస్తోందంటే చల్లదనం తగ్గిస్తుంది."

లాయరమ్మ అతని వైపు చూసి నవ్వింది. "నా డ్రైవరు విననిది బండన్నా వింటుందన్నమాట."

అతనూ నవ్వాడు. అది పొగడ్త అనే అనుకున్నాడు.

పాత బండికి వెల కట్టడానికి ఇంకొకతను వచ్చాడు. బానెట్ ఎత్తాడు, తలుపుల్ని వేళ్ళతో కొట్టి చూశాడు, పెదవి విరిచాడు. "బయట చూస్తే మెరుపే గాని, వయసైపోయిందండీ. ఎక్స్‌ఛేంజిలో పెద్దగా రాదు" అన్నాడు. సైలెన్సర్‌కి ఒళ్ళు మండింది. తన తలకే ఎవరో వెల కట్టి పెదవి విరిచినట్టయింది. నిజానికి అదీ జరుగుతోంది. తిరుగు దారిలో టక్ టక్ మంది సీటు.

"చెప్పండమ్మా."

"కొత్త బండికి కొత్త డ్రైవర్ని చూశాను. నీకూ వయసు మీద పడింది. ఇంక విశ్రాంతి తీసుకో. నీకేం కావాలో అడుగు."

అతను బండిని పక్కకు తీసి ఆపాడు. జన్మలో అంతవరకు వెనక్కి తిరగనివాడు తిరిగి, "ఈ బండి నాకిచ్చేయండమ్మా, వాళ్ళిచ్చే ధరకే" అన్నాడు. ఆవిడ సరేనంది.

ఇంటిముందు ఆ బండి ఆగేసరికి సందు సందంతా బయటికి వచ్చింది. తలుపు తెరిస్తే ఎదురింటి గోడకు తగిలేంత ఇరుకు. ప్లంబరు చేతులు కట్టుకుని, "దొరగారు వేంచేశారు, దారివ్వండి" అన్నాడు. పిల్లలు బానెట్ మీద వేలితో బొమ్మలు గీశారు. భార్య గడప మీదే నిలబడి తల పట్టుకుంది.

"ఈ ఏనుగుని ఎక్కడ కడతావయ్యా? దీనికి మేత ఎవడు పోస్తాడు?"

"నీకోసమే."

"నాకోసమా? నేనడిగానా?"

"నువ్వడగవు. అందుకే తెచ్చా. ఎక్కు."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ ముందు తలుపు తెరవబోయింది. అతను అడ్డం పడ్డాడు.

"అక్కడ కాదే. వెనక. అమ్మగారి సీట్లో."

"నీ పక్కన కూర్చుంటానయ్యా. కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు."

"డ్రైవరు పక్కన కూర్చునేది ఎవరో తెలుసా? గుమాస్తాలు, సామాన్లు. నువ్వు వెనక కూర్చో. నేను తలుపు తీస్తా, చూడు."

తలుపు తీసి, తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి, వంగి నిలబడ్డాడు. సందులో వాళ్ళంతా ఈలలు వేశారు. ఆమె సిగ్గుపడింది, మురిసింది కూడా. ఆ మురిపెం చూడటానికి అతను అన్నేళ్ళు ఎదురుచూశాడు. ఆ ముఖం చూశాక ఇంక ఆ సీటు మార్చే ఉద్దేశం అతనికి ఎందుకుంటుంది?

ఊళ్ళో చిన్న చక్కర్లు కొట్టినప్పుడే సంగతి బయటపడాల్సింది, పడింది కూడా. ఆమె వెనకనుంచి ఏదో చెబుతూనే ఉంది, ఇతను నడుపుతూనే ఉన్నాడు. చివరికి ముందుకు వంగి కాలరు పట్టి లాగింది.

"గంటనుంచి గొంతు చించుకుంటున్నా, కూరగాయల కొట్టు దాటిపోయింది!"

"అయ్యో, వినపడలేదే. అమ్మగారైతే పెన్నుతో సీటు మీద తట్టేది. నువ్వూ తట్టు."

"మొగుణ్ణి పెన్నుతో తట్టి పిలవాలా? నాకు నోరుందయ్యా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు. అతను నేర్చుకోలేదు, ఆమె తట్టలేదు. ఈ కథంతా విన్నవాళ్ళు ఇక్కడ ఆగి, అప్పుడే పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఉంటే ఏం పోయేది అని అడుగుతారు. ఏమీ పోయేది కాదు.

దూరపు ఊళ్ళో ఆమె చెల్లెలు ఉంది. పిల్లల బట్టల కొట్టు పెట్టుకుంది. అక్కడికి కారులో వెళ్ళి దిగాలని అతని సరదా, దారంతా మాట్లాడుకోవచ్చని ఆమె ఆశ. ముందు రోజే ఆమె అంది: "ఇంక నీకు పని లేదు, నాకు సెలవు. రేపు నా మాటల మూట విప్పుతా, ఒట్టేశావు, గుర్తుందిగా?" అతను ఊఁ అన్నాడు.

తెల్లవారుతుండగా బయలుదేరారు. ఆమె కొత్తగా ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుంది. సందు దాటకముందే మొదలుపెట్టింది. పెద్ద రోడ్డు ఎక్కేదాకా అతను రెండు మూడు మాటలు విన్నాడు కూడా. "పాప పుట్టిన రోజు నువ్వు..." అని ఏదో వినపడింది. అంతలో పక్కనుంచి లారీ దూసుకుపోయింది. చేతులు స్టీరింగు మీద, చెవి ఇంజను మీద, అన్నీ తమ తమ చోట్లకు వాటంతటవే వెళ్ళిపోయాయి. వెనక మాట మళ్ళీ రేకు మీద వానైపోయింది. అతను మధ్యమధ్యలో "ఊఁ" అన్నాడు. ఆ సంగతి అతనికి గుర్తే. ఎన్నోసార్లు అన్నాడు.

బండి ఎంత బాగా నడిచిందో! పొద్దెక్కాక వంతెన వచ్చింది. వంతెన దాటాక వెనక టైరు గాడిలో చిన్న రాయి ఇరుక్కుని టిక్కు టిక్కుమంటూ కొంత దూరం వచ్చింది, తర్వాత ఊడిపోయింది. ఆ తర్వాత కొత్తగా తారు వేసిన రోడ్డు. ఆ రోడ్డు మీద ఒక్కసారిగా బండి లోపల అద్భుతమైన నిశ్శబ్దం. ఇన్నేళ్ళలో ఆ బండి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదనిపించింది. వయసైపోయిందన్నవాణ్ణి తీసుకొచ్చి ఇందులో కూర్చోబెట్టాలి అనుకున్నాడు. ఆ ఆనందంలో చాలా దూరం నడిపాడు.

పెట్రోలు బంకు దగ్గర దిగి వెనక అద్దంలోంచి చూశాడు. ఆమె సీటు మూలకు ఒరిగి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయింది పాపం, అలసిపోయినట్టుంది అనుకున్నాడు. నిద్రపోతున్న యజమానిని లేపకూడదు, అది డ్రైవరు మర్యాద. తలుపు చప్పుడు కాకుండా మెల్లగా వేసి, బయలుదేరాడు.

చెల్లెలి ఇంటిముందు ఆపి, హారన్ కొట్టి, దర్జాగా చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. మరదలు నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. "అబ్బో, మా అక్క మహారాణి..." అని వంగి లోపలికి చూసి, అరిచింది. సీట్లో అతని భార్య కళ్ళు తెరిచే ఉంది. నోరు ఒక పక్కకు జారిపోయింది. కుడి చెయ్యి సీటు మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. నీలం చీర మీద ఉమ్మి కారి ఆరిపోయిన మరక.

"బావా, అక్కకి ఎప్పటినుంచి ఇలా ఉంది? ఎప్పటినుంచి బావా?"

ఆసుపత్రిలో కూడా అదే ప్రశ్న. చిన్న వయసు డాక్టరమ్మ, వేగంగా మాట్లాడింది.

"ఆఖరుసారి ఈవిడ బాగా మాట్లాడింది ఎప్పుడండీ?"

"దారంతా మాట్లాడుతూనే ఉందమ్మా."

"దారంతా కాదు. మాట ముద్దగా రావడం ఎప్పుడు మొదలైంది? చెయ్యి లేవడం లేదని గాని, తిమ్మిరని గాని ఏమన్నా అన్నారా?"

అతను చేతిలోని బండి తాళాల వైపు చూశాడు.

"నేను... బండి నడుపుతున్నానమ్మా. తను వెనక సీట్లో ఉంది."

"ఒకే కారులో కదండీ?" డాక్టరమ్మకు నిజంగానే అర్థం కాలేదు. గొంతు తగ్గించి చెప్పింది. "మెదడులో నరానికి రక్తం గడ్డ అడ్డం పడింది. కరిగించే ఇంజెక్షను ఉంది. మొదలైన కాసిని గంటల్లోపే ఇవ్వాలి. ఆ గడువు దాటాక ఇస్తే లోపల రక్తం కారి ప్రాణం మీదికొస్తుంది. అందుకే అడుగుతున్నా. బాగా గుర్తు చేసుకోండి. మీరు చెప్పేదాన్నిబట్టే."

గుర్తు చేసుకున్నాడు. లారీ గుర్తుంది. వంతెన మీద అతుకుల చప్పుడు గుర్తుంది. టైరులో రాయి ఎక్కడ ఇరుక్కుందో, ఎక్కడ ఊడిందో చెప్పగలడు. ఆ నిశ్శబ్దం గుర్తుంది. అది రోడ్డు వల్ల వచ్చిందా, ఆమె ఆగిపోవడం వల్ల వచ్చిందా? ఆమె అంతకుముందే ఆగిందా? ఆగేముందు పిలిచిందా? ఏమయ్యా, బండి ఆపు, నాకేదో అవుతోంది అందా? దానికి తను ఊఁ అన్నాడా? ఇప్పుడే, ఇందాకే అని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అది అబద్ధమైతే ఆమె చచ్చిపోతుంది.

"తెలియదమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది. ఆ ఇంజెక్షను ఇవ్వలేదు. మరదలు గోడకు ఆనుకుని, "అక్క అంతసేపు నీ వెనకే ఉంది కదా బావా" అంది.

ప్రాణం నిలిచింది. కుడివైపు పోయింది. మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, చెప్పడానికే దారి లేదు, మాట వచ్చే చోటే దెబ్బ తగిలింది అన్నారు. మూట మూటలాగే లోపల ఉండిపోయింది.

వాళ్ళు ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు లాయరమ్మ పండ్ల బుట్టతో చూడటానికి వచ్చింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, అతని మనసు తేలికపరుద్దామని అంది: "కొత్త డ్రైవరు చెవులు ఇంతింత చేసుకుని అన్నీ వింటాడయ్యా. నీలాంటివాడు దొరకడు." అతను తల వంచుకున్నాడు. మంచం మీద ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆవిడకు కారు తలుపు తీసిపట్టడానికి కూడా అతను గుమ్మం దాటలేదు.

బండి అమ్మేయాలని అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఎవరైనా ఎందుకు అమ్ముతున్నావని అడిగితే సందు ఇరుకు అని చెప్పేవాడు. తనకు తాను మాత్రం ఒక మాట చెప్పుకుంటూ ఉండేవాడు. మంచి బండి కదా, మందపాటి సీట్లు, చప్పుడు రాకుండా కట్టిన బండి. వెనక మాట ముందుకు రాదు. ఎవరున్నా అంతే. ఆ మాట పట్టుకునే పొద్దున లేచేవాడు.

సెకండ్ హ్యాండ్‌లో మంచి బండి కోసం వెతుకుతున్న ఒక బ్యాంకు ఉద్యోగి భార్యతో వచ్చాడు. ఆమె చుట్టూ చూసి, ఎవరూ చెప్పకుండానే ముందు తలుపు తీసి మొగుడి పక్కన కూర్చుంది. ట్రయల్‌కి తోడు వెళ్ళాలి కాబట్టి, సైలెన్సర్ తొలిసారి ఆ బండి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ రోజు తన భార్య కూర్చున్న చోటే. సీటు అంచున తోలు మీద గోటి గీతలు రెండు కనపడ్డాయి. అవి పాతవో కొత్తవో అతనికి తెలియలేదు. వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు వాళ్ళిద్దరూ సీట్ల రంగు గురించి కీచులాడుకుంటున్నారు. పార్కు మలుపు వచ్చింది. అక్కడ గుంత ఉంది. అతను తనలో తాను అనుకున్నట్టుగా, పెదవి కదిలీ కదలకుండా, "ఆ మూల గుంత" అన్నాడు.

"అలాగేనండీ, చూశాను" అన్నాడు బ్యాంకు ఉద్యోగి, తల తిప్పకుండానే.

అతను ముందు సీటు వెనక మందాన్ని చేత్తో నొక్కి చూశాడు. కాసేపటికి ఇంకా మెల్లగా, దాదాపు ఊపిరితో, "ఎడమకి" అన్నాడు. బండి ఎడమకు తిరిగింది. ముందు సీటులో ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "బాబాయిగారూ, ఒంట్లో బాగాలేదా? చెమటలు పోస్తున్నాయే" అంది. ఆమె భర్త వెంటనే బండి పక్కకు తీసి ఆపాడు. ఎవరూ సీటు మీద తట్టలేదు.

ఇంటిముందు దిగాక బ్యాంకు ఉద్యోగి డిక్కీ మూసి చూస్తూ, "బండికి ఏమైనా లోపం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు.

"బండికి ఏ లోపమూ లేదు బాబూ" అన్నాడు అతను.

అప్పుడే లోపలినుంచి చప్పుడు వచ్చింది. వాళ్ళతో ఇంటిదాకా వచ్చిన మరదలు, తిరిగి వెళ్ళేముందు అక్క పిలవడానికని ఒక గంట కొని పెట్టి వెళ్ళింది. ఆమె దాన్ని అంతవరకు ముట్టుకోలేదు. ఇప్పుడు కూడా గంటను వదిలేసి, ఎడమ చేతికి అందిన చెంచాతో మంచం కడ్డీ మీద కొట్టింది. టక్ టక్.

అతను బేరం మధ్యలో వదిలేసి పరుగెత్తాడు. గడప దాటుతుండగానే ఇన్నేళ్ళ అలవాటు నోటినుంచి బయటపడింది.

"చెప్పండమ్మా."

ఆమె చెంచా పట్టుకుని అలాగే చూసింది. అతనికి తను అన్నదేమిటో అప్పుడు తెలిసింది. మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. చెవిని ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. అంత దగ్గరగా అతను ఎవరి మాటా ఎన్నడూ వినలేదు. ఆమె కష్టపడి పెదవి కదిపింది. "అ... ఆ..." అని గొంతులోనే తిరిగింది ఏదో. దాహమో, పాపో, తిట్టో. వింటున్నానని చెప్పాలి ఆమెకు. చెప్పడానికి అతని దగ్గరా ఒకటే మాట ఉంది.

"ఊఁ" అన్నాడు.

ఆమె ఆగిపోయింది. ఆ ఊఁ ఆమెకు తెలుసు. కాసేపు అతని ముఖంలోకి చూసి, నోరు మూసుకుని, మళ్ళీ చెంచా తీసుకుని కడ్డీ మీద కొట్టింది.